తాళం వేశానా, బావా?

ఖమీస్ ముషైత్, సౌదీ, శుక్రవారం

ప్రియమైన బావకి,

పొద్దున్నే ఫోన్‌లో మాట్లాడిన పెళ్ళాం ఉత్తరం రాయడమేంటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మధ్యలోనే అడ్డం పడతావు. నిన్న మా ఆసుపత్రిలోనే మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పేరు ఖాలిదా.

నీకు తెలిసిందేగా, రెండు నెలల కిందట మందుల ట్రాలీకి తాళం వేయడం మరిచిపోయాను. మతిమరుపున్న ఒక ముసలాయన అందులోంచి షుగర్ మాత్రల అట్ట తీసుకుంటే, నాతోపాటు డ్యూటీలో ఉన్న ఆసిఫా చూసి లాక్కుంది. ఆయనకేమీ కాలేదు, నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. నేనే ఇంకా అక్కడినుంచి కదల్లేదు. హాస్టల్ బస్సెక్కాక కూడా దిగి వెళ్ళి తాళం లాగి చూస్తున్నాను. నేను లేవగానే డ్రైవర్ దావూద్ చాచా ఇంజన్ ఆపేస్తున్నాడు. తాళం ఫొటో నీకు పంపుతాను, "వేశావులే, పడుకో" అంటావు. కాసేపు ప్రాణం కుదుటపడుతుంది, మళ్ళీ పురుగు తొలుస్తుంది.

మేడమ్ అంతా విని, ఇది జబ్బేనని, నయమవుతుందని చెప్పింది. కానీ నువ్వు చెప్పే ఆ "వేశావులే" మాటే దానికి మేతట. అడగాలనిపిస్తే ఫోన్ తీయకుండా ఉత్తరం రాయమంది. అది చేరేసరికి ఏ రోజు తాళం సంగతి అడిగానో నాకే గుర్తుండదు కదా.

నెలాఖరుకి కూడా ఇలాగే ఉంటే ఇన్‌చార్జి సిస్టర్ నన్ను వార్డు నుంచి తీసేసి ఆఫీసులో కూర్చోబెడుతుందట. నాకు రోగుల మధ్యే ఉండాలని ఉంది బావా. ఇకమీదట నేను అడిగితే "తెలియదు" అను. అంతే.

నీ షైని

బలద్, జెద్దా

ప్రియమైన షైనీ,

పెళ్ళానికి జవాబు చెప్పొద్దనే డాక్టరమ్మని ఇప్పుడే చూస్తున్నాను. ఏసీలు బాగుచేసుకునేవాణ్ణి, నాకు తెలిసింది ఒక్కటే, వేడెక్కినదాన్ని చల్లబరచడం. అది మేతంటే నేనేం చేసేది? ఇదంతా నీ ఫైల్లోకెక్కితే రేపు ఇక్కడ ఉండే పర్మిట్, ఆ ఇకామా, పొడిగించేటప్పుడు ఏమంటారో ఆలోచించావా? మీ అమ్మకి తెలిస్తే ఉపవాస ప్రార్థన పెట్టించి వీధి వీధంతా చాటుతుంది. ఎవరికీ చెప్పకు. అంత కష్టంగా ఉంటే ఎగ్జిట్ వీసా కొట్టించుకో, ఇద్దరం ఊరికి వెళ్ళిపోదాం. నరసాపురంలో మాత్రం ఏసీలు చెడిపోవా?

సరే, ఫోన్‌లో "తెలియదు" అనే అంటాను. ఉత్తరంలో చెప్పకూడదని ఆవిడ అనలేదుగా. గురువారం నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. తాళం పడింది. హాయిగా పడుకో.

నీ బావ,
జ్ఞానరాజు

ఖమీస్ ముషైత్

ప్రియమైన అతితెలివి బావకి,

నీ చివరి మాటలు చదివి ఆ రాత్రి చంటిపిల్లలా నిద్రపోయాను. లేచేసరికి, గురువారం సరే, మరి శుక్రవారమో, శనివారమో అని మొదలైంది. ఆ సాయంత్రం రెండు స్టాపులు దాటాక దిగి, చినుకుల్లో తడుస్తూ వార్డుకి నడిచాను. దారంతా నిన్నే తిట్టుకున్నాను.

ఫైలు సంగతి నాకూ భయమే. మేడమ్‌నే అడిగాను. "బీపీ వస్తే దాస్తావా?" అంది. దాయను కదా. అందుకే ఇన్‌చార్జికీ ఆసిఫాకీ చెప్పేశాను. ఆసిఫా నవ్వలేదు, వాళ్ళక్కకీ ఇలాంటిదే ఉండేదట.

ఇప్పుడు నా పని తాళం ఒక్కసారి వేసి, బస్సెక్కి, గుండె ఎంత కొట్టుకున్నా లేవకుండా కూర్చోవడం. జ్వరం దిగినట్టు ఆ దడ దానంతటదే దిగుతుందట. ఇంతవరకు అది దిగింది లేదు, నేనే బస్సు దిగాను. నా మీద జాలి పడకు బావా, నా పక్షాన ఉండు.

షైని

జెద్దా

ప్రియమైన షైనీ,

మంగళవారం నువ్వు ఫోన్ చేసి "వేశానా బావా?" అన్నావు. ఆ గొంతు వినలేకపోయాను. అయినా "తెలియదు" అన్నాను. పెట్టేశావు. అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు. బాగానే ఉన్నావా?

డ్యూటీకి వస్తున్నావని ఆసిఫా మెసేజ్ పెట్టింది. చదివినంతసేపూ బాగుంటుంది, ఫోన్ కింద పెట్టగానే మళ్ళీ మొదలు. మళ్ళీ అడిగాను, మళ్ళీ చెప్పింది. బాగానే ఉన్నావా? మిద్దె మీద ఏసీ విప్పి, మరలన్నీ పరుచుకుని, ఏది ఎక్కడిదో తోచక కూర్చుంటే నాతో పనిచేసే ముజాహిద్ వచ్చి బిగించాడు. ఖమీస్ బస్సుకి టికెట్ కూడా కొన్నాను. నీ వైద్యం చెడగొడతానేమోనని ఎక్కలేదు.

రూముకొచ్చి నీ తాళం ఫొటోలన్నీ వరసగా చూశాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. పగలంతా ఎవరెవరి ఇళ్ళో చల్లబరిచేవాణ్ణి, నువ్వు అడిగినప్పుడే నీ మొగుణ్ణి. అది కాస్తా తగ్గిపోతే నన్నింకేం అడుగుతావు? నిద్ర పట్టడం లేదు. బాగానే ఉన్నావా? ఒక్క ముక్క రాయి.

జ్ఞానరాజు

ఖమీస్ ముషైత్

ప్రియమైన బావకి,

నువ్వు "తెలియదు" అన్నాక బస్సులో కూర్చుని ఏడ్చాను. దావూద్ చాచా తలుపు తెరిచే ఉంచాడు. దిగలేదు. హాస్టల్ గేటు దాకా గుండె కొట్టుకుంటూనే ఉంది, గేటు దగ్గరికి వచ్చేసరికి ఆకలేసింది. ఎన్నాళ్ళయిందో బావా, ఆకలేసి. నీకు చెప్పాలనిపించింది. చెబితే ఆ వెనకే తాళం సంగతి అడుగుతానని భయమేసి ఫోన్ ఆసిఫాకిచ్చేశాను. నిన్న మళ్ళీ దిగాను, కాకపోతే సగం దారిలోనే వెనక్కి వచ్చేశాను. ఇన్‌చార్జి ఇంకో నెల చూస్తానంది.

నీ ఉత్తరంలో "బాగానే ఉన్నావా" అని మూడు చోట్ల ఉంది. ఆసిఫాని ఎన్నిసార్లు అడిగావో తనూ చెప్పింది. ఆ పురుగు నాకు బాగా తెలుసు బావా. అందుకే నువ్వడిగినదానికి నా జవాబు కూడా అదే. తెలియదు. కాస్త ఓర్చుకుని కూర్చో, దిగుతుంది. దిగకపోతే జెద్దాలోనూ మా మేడమ్ లాంటివాళ్ళు ఉంటారు, వెళ్ళు. నేను దాచలేదు, నువ్వూ దాచకు.

తగ్గితే ఏం అడుగుతానన్నావు. వచ్చే శుక్రవారం వస్తావా అని అడుగుతున్నాను. నేనెలా ఉన్నానో చూసుకోవడానికి కాదు, రొయ్యల కూర వండడానికి. ఇక్కడ నీలా వండేవాళ్ళు లేరు.

రాసింది మళ్ళీ చదవకుండానే కవరు అంటిస్తున్నాను. తప్పులుంటే ఉండనీ.

నీ షైని