పెట్టెకు రెండో పక్క నేను లేను

కార్మిక భద్రతాధికారి గారి సముఖమునకు,
పార్సిల్ డిపోలో చీటీల గుమాస్తా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: యాభై ఎనిమిది కిలోల పెట్టెను మూడో అంతస్తుకు మోయుచు మెట్ల మీద పడి మరణించిన మా డిపో డెలివరీ మనిషి కేసులో, సదరు పెట్టెకు రెండో పక్క పట్టుకొని యున్నట్లు తమ విచారణ నివేదికలో చూపబడిన నన్ను అక్కడి నుండి తొలగించుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. ముందుగా మా ఇంటివాళ్ల సంగతి. అర్జీలో ఇంటి గోల రాయకూడదని తెలుసు, నేను డిగ్రీ చదివినదాన్నే. కానీ తమ ఆఫీసు నుంచి ఎవరైనా మా ఇంటికి వస్తే నాకంటే ముందు వాళ్లే మాట్లాడతారు. కాబట్టి వాళ్లు చెప్పేది తప్పని ముందే రాసిపెడుతున్నాను. రెండు నెలలుగా నేను ఇంట్లో ఏ బరువూ ఒక్కదాన్నే ఎత్తడం లేదు. నీళ్ల బకెట్టయినా, గ్యాస్ బండయినా, ఎవరైనా అవతలి పక్క పట్టుకుంటేనే ముట్టుకుంటున్నాను. మా అమ్మ దీన్ని చదువు పొగరంటుంది. "నాలుగు కాగితాలు రాసేసరికి మహారాణి గారికి బకెట్టు మోయడానికి బంట్రోతు కావాల్సొచ్చాడు" అని పక్కింటికి వినపడేలా అంటుంది. మా అన్నయ్య సోమరితనమంటాడు. నిన్న దిండు కింద పడితే, "ఆగాగు, ఒక్కదానివే ఎత్తేవు, నేనో కొస పడతాను" అని పరుగెత్తుకొచ్చాడు. మా పెద్దమ్మ మాత్రం తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది: "నిజం చెప్పవే. ఆ పోయినాయన నీకేమవుతాడు?"

ఏమీ కాడు. తమ నివేదిక ప్రకారం మాత్రం, ప్రాణం పోయేటప్పుడు ఆయనకు ఎదురుగా ఉన్న ఒకే ఒక్క మనిషిని నేను.

2. ఆయన పేరు తమ ఫైల్లో ఉంది. డిపోలో అందరూ కాటా బాబాయి అనేవాళ్లు. పెట్టె అంచును బూటు కొనతో కాస్త లేపి, "ముప్ఫై నాలుగు" అనేవాడు. కాటా మీద పెడితే ముప్ఫై నాలుగే. కొత్తవాళ్లకు మోత నేర్పింది ఆయనే. బరువు ఎలా ఎత్తాలో చూపుతూ గోడకు అంటించిన బొమ్మల కాగితాన్ని మా దగ్గర బల్లులు తప్ప ఎవరూ చూడరు. "పెట్టెకు నడుం వంచి దండం పెట్టకురా, అదేమన్నా దేవుడా? దాని ముందు గొంతుక్కూర్చో. పొట్టకు ఆనించుకో. కాళ్లతో లే. తిరగాలంటే పాదాలు తిప్పు, నడుం మెలిపెట్టకు. రేపు నీ పెళ్లాం దాంతో పనుందంటుంది" అనేవాడు. మెట్లుంటే ముందు ఒట్టి చేతులతో ఒకసారి పైదాకా ఎక్కి దిగమనేవాడు. ఏ మెట్టు విరిగిందో, ఏ మలుపు ఇరుకో పాదానికి తెలియాలట. చిన్న పెట్టెను అసలు నమ్మొద్దనేవాడు. "పెద్దది అరుస్తుంది, చిన్నది కరుస్తుంది."

ఆ పెట్టె చిన్నది. లోపలున్నవి ఇనప బిళ్లలు. ఇంట్లో కసరత్తు చేసుకోవడానికి ఎవరో తెప్పించుకున్నారు.

3. నిబంధన ఏమనగా, ముప్ఫై కిలోలు దాటిన ఏ పెట్టెనైనా ఇద్దరు మోయవలెను, ఆ ఇద్దరూ జంట చీటీ మీద సంతకం చేయవలెను, సదరు చీటీ లేనిదే బండి గేటు దాటరాదు. మా డిపోలో బండికి ఒక్కడే మనిషి. రెండో సంతకం నాది. నేను చేరిన రోజునే మేనేజరు గారు నా దరఖాస్తు తిరగేసి, "చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా, ఈ చీటీలు నువ్వే చూసుకో" అన్నారు. రోజుకు ముప్ఫై, నలభై ఉంటాయి. టీ చల్లారేలోపు అయిపోతాయి. అలా పదకొండు నెలలుగా ఈ నగరంలో బరువైనదేదీ నా చెయ్యి పడకుండా కదలలేదు. నా బరువు నలభై ఆరు కిలోలు. నిబంధన ప్రకారం నన్ను మోయాలన్నా ఇద్దరు కావాలి.

4. ఆ ఉదయం ఆయన నా బల్ల ముందే పెట్టె అంచు లేపి, "యాభై ఎనిమిది" అన్నాడు. చీటీ నా వైపు జరిపి, "ఇవాళ నా రెండో మనిషి ఎవరమ్మా?" అన్నాడు. రోజూ అడిగేదే.

"నేనే బాబాయ్." రోజూ చెప్పేదే.

"అయితే కింద పక్క నువ్వు పట్టు. పైన నేను చూసుకుంటా."

ఇద్దరం నవ్వాం. మెట్లెక్కేటప్పుడు బరువంతా కింద పక్కవాడి మీదే ఉంటుంది, కాబట్టి బలమైనవాణ్ని అక్కడ ఉంచాలని ఆయనే మాకు చెప్పేవాడు. నేను సంతకం చేశాను. ఆ భవనంలో లిఫ్టు పనిచేయడం లేదు. పది గంటల ఇరవై నిమిషాలకు ఆయన రెండో మలుపులో వెనక్కి పడ్డాడు. పెట్టె ఆయన రొమ్ము మీద పడింది. ఆ సమయానికి నేను నా కుర్చీలో కూర్చుని పెన్నులో రీఫిల్ మారుస్తున్నాను.

5. మూడో రోజున మేనేజరు గారు టైపు చేసిన వాంగ్మూలం తెచ్చారు. "మేమిరువురము పెట్టెను పట్టుకొని మెట్లు ఎక్కుచుండగా" అని మొదలవుతుంది. నేను అక్కడ లేను కదండీ అన్నాను.

"చీటీలో ఉన్నావు కదమ్మా. ఇప్పుడు లేనంటే అప్పుడు అబద్ధం రాసినట్టు. ఉన్నానంటే ఎవరికీ ఏమీ కాదు. పోయినవాడు ఎలాగూ రాడు."

చదవకుండా సంతకం చేశానని తమకు చెప్పొచ్చు. చదివాను. చదివే సంతకం చేశాను. దాని మీదనే తమ కార్యాలయం "ఇద్దరు వ్యక్తులు ఉండి, విధానము సక్రమముగా పాటింపబడినప్పటికీ, మృతుని తప్పటడుగు వలన" అని తేల్చింది. అయ్యా, తప్పటడుగులు వేసేది పసిపిల్లలు. ఆయన ఇరవై రెండేళ్లు జనం ఇళ్ల మెట్లెక్కినవాడు.

6. నివేదిక నకలు ఆయన ఇంటికి కూడా పోయింది. ఆ వారమే ఆయన భార్య డిపోకు వచ్చింది. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, నన్ను కాసేపు చూసింది.

"నువ్వేనా అమ్మా, ఆయనతో ఉన్నది?"

అవునన్నాను. ఏమనాలో తోచక కాదు. మేనేజరు గారు గాజు తలుపు వెనకాల నిలబడి ఉన్నారు.

"పై మెట్టు మీదున్నావా, కింద మెట్టు మీదా?"

మోతగాడి భార్య కాబట్టి ఆ ప్రశ్న అడిగింది. కిందన్నానంటే, నువ్వెలా బతికావని అడుగుతుంది.

"పైన ఉన్నాను పిన్నీ."

"అయితే ఆయన మొహం నీ వైపే ఉంటుంది" అంది. "ఏమన్నారమ్మా?"

గాజు తలుపు వెనక మనిషి కదల్లేదు. నేను, ఆయన రోజుకు పదిసార్లు అనే మాట తీసి ఇచ్చాను. "'ఒక్క నిమిషం ఆగమ్మా, చెయ్యి మార్చుకుంటా' అన్నారు."

ఆవిడ తల ఊపింది. "అంటారు. అలాగే అంటారు. నా దగ్గరా అదే, సంచి ఇచ్చినా చెయ్యి మార్చుకోవాలి." కళ్లు తుడుచుకుని, "పోనీలే తల్లీ, ఒంటరిగా పోలేదు" అని నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది. కాయలు లేవు. నా వేళ్లు తనే మడిచింది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం వస్తోంది. భయపడ్డారా అని ఒక వారం. దాహం అన్నారా అని ఒక వారం. పోయిన వారం కూతుర్ని కూడా తీసుకొచ్చి, "చెప్పమ్మా, దీనికి కూడా చెప్పు" అంది. చెప్పాను. ఇప్పుడు నాకు బాగా వచ్చేసింది.

7. ఇకపై రాసేది ఏ నిబంధన కిందికి వస్తుందో తెలియదు. నేను లేనిచోట నాకు జ్ఞాపకాలు పుడుతున్నాయి. అట్టపెట్టె అంచు వేళ్ల కణుపుల దగ్గర కోసుకున్నట్టు మండుతుంది. ఆయన చెమట చుక్క గడ్డం దాకా జారి ఆగడం కనపడుతుంది. అందులో గోడ పచ్చరంగు. ఇదంతా ఒట్టిదని నాకు నేను రుజువు చేసుకోవాలని ఒక మధ్యాహ్నం ఆ భవనానికి వెళ్లాను. ఆయన చెప్పినట్టే, ఒట్టి చేతులతో పైదాకా ఎక్కి దిగాను. గోడ తెల్లగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చి కళ్లు మూసుకుంటే నా జ్ఞాపకంలో గోడకు కూడా సున్నం కొట్టేసి ఉంది. మొదట్లో నేను పై మెట్టు మీదుండేదాన్ని. ఈమధ్య కింద మెట్టు మీదుంటున్నాను. పెట్టె నా మీదికి వస్తుంటే వదిలేసి పక్కకు తప్పుకుంటున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో బకెట్టు దగ్గర నేనెందుకు నిలబడిపోతానో తమకైనా అర్థమై ఉంటుంది.

8. రుజువు. ఆ తేదీ జంట చీటీలు ఒక్కో బండికి ఒక్కో ఫైలు చొప్పున వేర్వేరుగా ఉన్నవి. విచారణకు వచ్చిన తమ సిబ్బంది ఆయన బండి ఫైలు ఒక్కటే తీసుకుపోయారు. మిగతా ఆరూ తెప్పించి ఒకే బల్ల మీద పరచవలెనని కోరుచున్నాను. చీటీల మీది డెలివరీ వేళల ప్రకారం, పది గంటల పదిహేనుకూ ముప్ఫైకీ మధ్య నేను ఏడు వీధుల్లో ఏడు పెట్టెలకు రెండో పక్క పట్టుకొని ఉన్నాను. ఒకచోట బీరువా ఎక్కిస్తున్నాను. ఇంకోచోట కుట్టుమిషను దింపుతున్నాను. ఏడు చీటీల మీదా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

9. కావున ప్రార్థించునది: సదరు వాంగ్మూలము అబద్ధమని నేను ఒప్పుకొనుచున్నందున దానిని కొట్టివేయవలెను. దానికి నా మీద చర్య తీసుకోదలిస్తే తీసుకోవలెను. తప్పటడుగు అను మాటను నివేదిక నుండి తీసివేసి, ఆయన ఒక్కడే మోసెనని వ్రాయవలెను. బండికి రెండో మనిషిని, అనగా చేతులూ కాళ్లూ గల మనిషిని, ఇచ్చువరకు ముప్ఫై కిలోలు దాటిన పెట్టెను ఏ డిపో గేటూ దాటనీయరాదు. డిపోకు వస్తే గోడ మీది బొమ్మలు చూసి వెళ్లిపోవద్దు. ఆ బరువు ఒకసారి తమరే ఎత్తి చూడండి. గొంతుక్కూర్చుని ఎత్తండి.

తీరిక లేదని పక్కన పెట్టక, ఏడు చీటీలూ ఎదురుగా పెట్టుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
చీటీల గుమాస్తా

తా.క. ఈ అర్జీ చిత్తుప్రతి మేనేజరు గారు నా సొరుగులోంచి తీసి చదివారు. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "నీ ఉద్యోగం సంగతి వదిలెయ్. ఆవిడకు మిగిలింది ఆ ఒక్క మాట. అది కూడా లాగేసుకుంటావా?" అన్నారు. రెండు రోజులు ఆలోచించాను. ఆయన అన్నది అబద్ధం కాదు. అందుకే ఈసారి ఆవిడకు ఆ సంగతి నకలు కాగితం మీద తెలియకూడదు. తమరి జవాబు కోసం గానీ, మంగళవారం కోసం గానీ ఆగడం లేదు. రేపు ఉదయం ఆవిడ ఇంటికి వెళ్తున్నాను. ఆ మెట్ల మీద నేను లేనని, ఎవరూ లేరని, ఆయన ఏమన్నాడో నాకు తెలియదని చెబుతాను.