బట్టమేక పొదిగిన బీడు

జూలై 3, 1944. జహీరాబాద్

వాన లేదు. పొద్దుగాల్నే గుర్రం మీద న్యాల్‌కల్ దిక్కు పోయిన. బంద్ పెట్టిన బీడంత తిరిగిన. మందలు రాకుంట, వేట లేకుంట ఒక్క ఏడు ఇడిచిపెడితే గడ్డి మోకాలెత్తు లేచింది. తంగేడు పొదల అవతల… బట్టమేక పిట్ట. పెట్ట. వట్టి నేల మీద కూసోనుంది. నన్ను చూసి గూడ లేవలె. గుడ్డు మీదున్నట్టే. గుర్రాన్ని ఆడనే ఆపిన.

అడివి కాసే జంగ్లాత్ దరోగా కొలువుల చేరిన కాడికెల్లి ఈ పిట్ట పొదగంగ చూసుడు ఇదే మొదలు. యాడుందో ఎవ్వరికి చెప్పొద్దు. గుడ్డు దొరికితే తినేటోళ్లు, పిట్ట దొరికితే కొట్టేటోళ్లు.

జూలై 4

ఇంట్ల సుశీలకు మాత్రం చెప్పిన. నవ్వింది. "నేను నీళ్లోసుకున్నప్పుడు గూడ ఇంత సంబురపడలేదు మీరు."

జూలై 6

కురుమల పెద్ద మల్లప్ప ఇంటికొచ్చిండు. పోయిన ఏడు బీడు బంద్ పెట్టంగ తనవాళ్లందర్ని కూసోబెట్టి ఒప్పించింది ఈయనే. ఇయ్యాల మొఖం గుంజుకపోయుంది.

"సాబ్, చిరాగ్‌పల్లి దాంక తిరిగినం. యాడ పచ్చ లేదు. ఈనిన గొర్లకు పాలు లెవ్వు, పిల్లలు సస్తున్నయ్. బీడు తెరువు."

"జర ఆగు మల్లప్పా. పిట్టలు పిల్లలు లేపే కాలం."

"పిట్టల పిల్లలు పిల్లలే. మావి?"

సుశీల చల్ల తెచ్చేసరికే పోయిండు.

జూలై 8

మబ్బు పట్టింది. పోయింది.

జూలై 9

బీదర్‌కెల్లి కబురు. మా జంగ్లాత్ పెద్ద అధికారి మొహతమీం సాబు మెహమాన్లను తీసుకోని షికారుకొస్తున్నడు. బీడు బంద్ పెట్టిన హుకుం మీద దస్కతు ఆయనదే. యాదిజేస్తే ఆగుతడు… ఆగుతడనుకుంట.

జూలై 12

ఆగలె.

సాబు వచ్చిన మోటరు కాడనే చెప్పిన. "హుజూర్, ఆ బీడు బంద్ల ఉన్నది. తమరి హుకుమే." మెహమాన్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. సాబు మెల్లగ అన్నడు, "బంద్ రయ్యతులకు. మెహమాన్లకు కాదు. ఎక్కు, తొవ్వ చూపియ్యి."

ఎక్కలె. భయమో, మొండితనమో. మోటరు నన్ను ఇడిచిపెట్టి పోయింది. దవాఖాన లారీకి పెట్రోలు లేదు ఈ లడాయి దినాలల్ల. దీనికున్నది.

తుపాకి సప్పుడు ఇనొచ్చింది. ఇంకోసారి.

వాపస్ వచ్చేటప్పుడు మోటరు ముంగట కట్టుకొచ్చిన్రు — పోతు. తెల్లటి మెడ ఏలాడుతున్నది, రెక్క దుమ్ముల గుంజుకుంట వస్తున్నది. సడక్ పక్కకు మల్లప్ప, ఆయన మనుషులు నిలబడి చూసిన్రు.

జూలై 13

బీడుకు పోయిన. గుడ్డు ఉన్నది. పెట్ట లేదు. మోటరు చక్రం గుడ్డు పక్కకెల్లే పోయింది, జానెడు దూరం గూడ లేదు. దూరంగ కూసోని పొద్దుమీకే దాంక చూసిన. రాలె.

సుశీల అన్నం పెట్టింది. తినబుద్ధి కాలె.

జూలై 14

వచ్చింది! గుడ్డు మీద కూసోనుంది, ఏమి కానట్టు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

అంతల్నే గొర్ల మంద. మల్లప్ప ముంగట, ఎనుక ఆయన మనుషులు. కుక్కలు. మా చౌకీదార్లు కట్టెలు పట్టుకోని నా దిక్కు చూస్తున్నరు — మందను తోలి బందెలదొడ్ల పెట్టాలె, కానూను అదే.

"మల్లప్పా, ఆగు."

"మోటరు పోయిన తొవ్వల్నే వచ్చినం సాబ్. కొత్త తొవ్వ చెయ్యలె."

కోపం లేదు ఆ గొంతుల. అదే గుచ్చుకున్నది. చౌకీదార్లను ఎనుకకు పొమ్మన్న.

"ఈ దిక్కు మేపుకోండ్రి. తంగేడు పొదల దిక్కు మాత్రం వద్దు."

"ఎందుకొద్దు? ఏమున్నది ఆడ? చెప్తేనే గద తప్పించేది."

చెప్పాల్నా? నిన్నటి దాంక అయితే పానం పోయినా చెప్పకపోదును. కుక్కలను కట్టేయమని, ఆయనొక్కన్ని ఎంటబెట్టుకోని పోయిన. వేలు పెట్టి చూపించిన. సూటిగ మమ్మల్నే చూస్తున్నది పెట్ట, మెడ ఎత్తి.

మల్లప్ప ఒంగి చూసిండు.

"గుడ్డు ఎన్ని?"

"ఒక్కటే పెడ్తది."

"మా గొర్రె గూడ ఒక్కటే ఈనుతది" అన్నడు, తనలో తనే. మందను పడమటికి మర్లేసిండు. పొదల దిక్కు తన తమ్మున్ని కావలి పెట్టిండు.

జూలై 17

గొర్లు బీడుల మేస్తనే ఉన్నయ్. పెట్ట కూసోనే ఉన్నది. రెండూ సాగుతున్నయ్… ఎట్లనో.

ఎవరు చెప్పిన్రో, బీదర్‌కు తెలిసింది. హాజరు కావాలె.

జూలై 19

రైలుకు పోయొచ్చిన. మొహతమీం సాబు కూసోమనలె.

"బంద్ బీడుల మందను ఎవరు రానిచ్చిన్రు?"

"నేనే హుజూర్."

"హుకుం ఎర్కలేదా?"

"ఎర్కే. మొదలు తప్పింది మందలు కాదు హుజూర్. మోటరు."

ఆయన గుమస్తా తల వంచుకున్నడు. సాబు మొఖం ఎర్రగయింది. మాట మాత్రం పెరగలె. నన్ను కొలువుకెల్లి ఆపిండు. ఇంకో దరోగా వస్తడట. నేను దగ్గరుండి బీడంత తిప్పి చూపించి, అప్పజెప్పాలెనట.

గడప కాడనే సుశీల నా మొఖం చూసి సమజ్ చేసుకున్నది. "ఫికర్ చెయ్యకుండ్రి, అన్నమైతే దొరుకుతది యాడనన్న" అన్నది. జరసేపటికి తనే గోడ దిక్కు తిరిగి కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

జూలై 21

రేపటి రైలుకు కొత్తాయన దిగుతడు. ఎసొంటోడో తెల్వది. పిట్టను చూస్తే సంబురపడెటోడో, పెద్దోళ్ల మెప్పు కోసం తుపాకులకు తొవ్వ చూపెటోడో. చెప్పకపోతే గుర్రం తోని తెల్వకనే తొక్కిస్తడేమో. చెప్తే…

మల్లప్ప వచ్చిండు. ఇయ్యాల అరుగు మీద కూసున్నడు, సుశీల ఇచ్చిన చల్ల తాగిండు. కొత్త సాబు మందను ఎల్లగొడ్తడా అని అడుగుతడనుకున్న. అడగలె.

"ఆ జాగ చూపిస్తవా ఆయనకు?"

"ముందుగాల ఆయన మొఖం చూడాలె, అప్పుడు చెప్త" అన్న నేను. అన్నంక నాకే అనిపించింది, మొఖం చూస్తే ఏం తెలుస్తది మనిషి సంగతి? నాకు మొహతమీం సాబు మొఖం గూడ మంచిగనే కనవడ్డది ఇన్నేండ్లు.

రేపు కొత్తాయనను బీడు తిప్పనీకి బట్టలు తీసిపెట్టుకున్న. గుర్రానికి దాణా పెట్టించిన. తంగేడు పొదల దిక్కు తీసుకపోవాల్నో, తప్పించాల్నో ఇంకా…