ఓస్మాన్ తెచ్చిన కొర్రమీను

అల్లా పేరిట. మలేషియాలో పేరాక్ నది ఒడ్డున లుబుక్ కవా గ్రామంలో ఉంటూ, పడవ ఇంజన్లు బాగుచేసి బతికిన కమరుద్దీన్ బిన్ లెబాయ్ సాద్ అనే నేను, నా డెబ్బై ఒకటో ఏట నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి సరిగానే ఉంది. కాళ్లే మాట వినడం లేదు. దీనికి కాళ్లతో పని లేదని సాలెహ్ మాస్టారు చెప్పారు. ఎవరి బలవంతమూ లేదు. ఇంతకుముందు రాసిన వీలునామా మరొకటి లేదు.

1. నన్ను నా భార్య సావోదా పక్కన పూడ్చాలి. నది వైపు చోటు ఆమెది, రోడ్డు వైపు చోటు నాది. బతికుండగానే తగవుపడి తేల్చుకున్న విషయం కాబట్టి ఎవరూ మార్చకూడదు.

2. ఈ వీలునామాను అమలు చేయవలసింది సాలెహ్ మాస్టారు. ఆయన శ్రమకు ప్రతిఫలంగా నా రేడియో ఇస్తున్నాను. అది సరిగా పలకదు. మాస్టారు ఉన్న గదిలో రేడియోకి ఎలాగూ అవకాశం రాదు.

3. పనిముట్ల పెట్టె పక్కింటి నోర్దిన్‌కు. అందులో ఉండాల్సిన పెద్ద పానా చాలా ఏళ్ల క్రితమే అతనింటికి చేరింది. "రేపు తెచ్చిస్తా బావా" అని ఇప్పటికీ అంటూనే ఉంటాడు. ఇక ఆ అబద్ధం ఆడే అవసరం లేకుండా చేస్తున్నాను.

4. ఇల్లు. మాకు కడుపున పుట్టిన బిడ్డలు లేరు. నా ఏకైక వారసుడు తమ్ముడు ఓస్మాన్. పదిరోజుల పసిగుడ్డుగా తెచ్చి పెంచుకున్న మెలాతికి మా ధర్మం ప్రకారం వారసత్వం లేదు. వీలునామా రాసి ఇవ్వొచ్చు, కానీ ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. దాటితే నేను పోయాక వారసుడు సమ్మతించాలి. నాకున్నదల్లా ఈ ఒక్క ఇల్లు. దాన్ని మూడు ముక్కలు చేసి ఒక ముక్కలో పంతొమ్మిదేళ్ల ఆడపిల్లను నిలబెట్టలేను. అందుచేత ఇల్లు మొత్తం, మెట్ల నుంచి వంటగది వరకు, మెలాతికి రాస్తున్నాను. ఓస్మాన్ సరే అంటే ఇది చెల్లుతుంది. కాదంటే పిల్ల రోడ్డున పడుతుంది. వాడు తొమ్మిదేళ్లుగా మా మెట్లెక్కలేదని ఊరందరికీ తెలుసు.

5. ముందుగదిలోని గాజు తొట్టె, అందులోని కొర్రమీను మెలాతివి. ఈ చేపను సాకే తీరు ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా రాస్తాను, రాస్తుంటే బాగుంది. మూత మీద పడవ ఇంజన్ చక్రం బరువు పెట్టాలి. ఒకసారి మరిచిపోతే దూకి, గది దాటి, గుమ్మం దగ్గర దుమ్ము కొట్టుకుని పడి ఉంది. సావోదా దాన్ని తన చీరకొంగులాంటి పైబట్టలో చుట్టి తెచ్చి నీళ్లలో వదిలింది. "ఈ ఇంట్లో మగాళ్లెవరూ చెప్పకుండా బయటికి పోకూడదు" అని దాన్ని తిట్టింది కూడా. మూతకూ నీళ్లకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, అది పైకి వచ్చి గాలి మింగుతుంది. నీళ్లలో ఎండిన బాదం ఆకులు వెయ్యాలి. తోడుగా వేరే చేపను వెయ్యకూడదు. మాస్టారి మనవరాలు ముచ్చటపడి రెండు బంగారు చేపలు తెచ్చి వేసింది, ఆ పిల్ల చెప్పులు వేసుకునేలోపే రెండూ మాయం. చిన్న రొయ్యలు పెట్టాలి. మెలాతి చేతిలోంచి తీసుకుంటుంది. నా వేలైతే కొరుకుతుంది.

చివరి నెలల్లో సావోదా మంచం ఆ తొట్టె పక్కనే వేయించుకుంది. చేప పైకి వచ్చి గాలి మింగినప్పుడల్లా తనూ ఒక ఊపిరి పీల్చుకునేది. కూతురు జడ వేయించుకుంటూ కింద కూర్చునేది. నేను గుమ్మంలో ఇంజన్ విప్పుకుంటూ వాళ్లిద్దరి గుసగుసలు వినేవాణ్ణి. చావు ఇంట్లోనే ఉందని తెలుసు. అయినా అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

6. నా పడవ ఓస్మాన్‌కు. పడవతో పాటు ఒక మాట కూడా ఇస్తున్నాను. తమ్ముడూ, ఇక్కడ నెమ్మదిగా చదువు.

కోత పడ్డ ఒంటికి గాయం మానాలని కొర్రమీను చారు పట్టడం మనవాళ్లలో ఒకరు చెప్పాల్సిన పని కాదు. మీ వదినకు ఆపరేషన్ అయిందని తెలియగానే నువ్వు వరి కాలవల్లో మోకాలి లోతు బురదలో నిలబడి రెండు కొర్రమీనులను పట్టి, ప్రాణంతో బకెట్లో తెచ్చావు. నీకు ఎనిమిదేళ్లప్పుడు ఈ ఇంటికి కోడలిగా వచ్చి, నీకు అన్నం కలిపి పెట్టిన మనిషి ఆమె. నువ్వు తేకపోతే ఎవరు తెస్తారు? రెండో చేప తొట్టెలో కనబడేసరికి నీకు మండింది. "పిల్ల ఏడ్చి కొయ్యనివ్వలేదురా" అని మీ వదిన నవ్వుతూ చెప్పింది. "నేను మందు తెస్తే మీరు బొమ్మ చేసుకున్నారు" అన్నావు. ఆమెను పూడ్చిన రోజు పదేళ్ల పిల్ల వింటుండగా, "ఇది ఏడవకపోతే మా వదిన బతికేది" అన్నావు.

మొదటి చేపను వండాం, ఓస్మాన్. రెండు చెంచాలు తాగింది. నిలవలేదు. మళ్లీ తాగింది, మళ్లీ అంతే. డాక్టర్లు కడుపు కోసి చూసి, చేసేదేమీ లేక కుట్టేశారు. ఆ సంగతి ఆమెకూ నాకూ తెలుసు. పిల్ల ఏడ్చింది చేప కోసం కాదు, అమ్మ వాంతులు చూసి. అప్పుడు మీ వదిన నాతో అంది: "ఓస్మాన్‌కి చెప్పకండి. వాడు తెచ్చింది నా కడుపులో ఆగలేదని తెలిస్తే తట్టుకోలేడు. పిల్ల మీద పెట్టేస్తాను. పిల్లల మీద కోపం ఎన్నాళ్లుంటుంది?" నేను బతికుండగా నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. మనుషుల లెక్కలన్నీ సరిగ్గా వేసే మనిషి, నీ కోపం లెక్క ఒక్కటే తప్పింది.

మెలాతికి పద్నాలుగేళ్లు వచ్చాక తనకు చెప్పేశాను. నీకూ చెప్పేద్దామా అంటే, "వద్దు నాన్నా. నన్ను తిట్టుకుంటుంటేనే ఆయనకి కాస్త తేలిగ్గా ఉందేమో. తిట్టుకోనీ" అంది. ఐదేళ్లుగా నిన్ను బజార్లో చూసినప్పుడల్లా తలవంచుకుని పక్కకు తప్పుకుంటున్నది అందుకే. పొగరని నువ్వు నోర్దిన్‌తో అన్నావట. నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

7. సమ్మతి గురించి. నన్ను పూడ్చి అందరూ ఇంటికి వస్తారు, మెట్ల దగ్గర జాడీ నీళ్లతో కాళ్లు కడుక్కుంటారు. నువ్వూ వస్తావు. నిన్ను చూడగానే ఆ పిల్లకు తాను సర్దుకోవాల్సిన బట్టలు గుర్తొస్తాయి. ఇల్లు కాదనాలనే ఉంటే ఆ రోజు చెప్పకు, ఏడు రోజులు ఆగు. తండ్రి పోయిన ఏడుపు ఒక్కటే ఏడవనీ. ఇవ్వాలని ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకు. కాళ్లు కడుక్కోకముందే, కిందే నిలబడి, అందరూ వినేలా "ఇల్లు నీదేనమ్మా" అను. ఆ తర్వాత పైకి వెళ్లు తమ్ముడూ. నీకు అన్నం పెడుతుంది.

పై సంగతులన్నీ చదువుకుని, సరిగా ఉన్నాయని నిశ్చయించుకుని సంతకం చేస్తున్నాను.

లుబుక్ కవా, 2016 ఆగస్టు 19, శుక్రవారం

(సంతకం) కమరుద్దీన్ బిన్ లెబాయ్ సాద్

సాక్షులు:
హనాఫీ బిన్ సుదిన్, మసీదులో అజాన్ ఇచ్చేవారు
తర్మిజీ బిన్ పాండక్ అలీ, మంచు గడ్డల వ్యాపారి