తుపాకీ మూతి నగిషీ

శనివారం రాత్రి, బెడోక్

ఇవాళ మ్యూజియంలో నా నోరే నా పరువు తీసింది. పాత చెకుముకి తుపాకులున్న అద్దాల పెట్టెకు ముక్కు ఆనించి ఒకాయన కదలకుండా నిలబడి ఉన్నారు.

"ఈ మహానుభావుడు తుపాకీ మూతికి ముద్దు పెట్టేదాకా కదలడు కాబోలు," అన్నాను మనవరాలితో. ఈ పరాయి దేశంలో తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అని ధీమా.

ఆయన పక్కకు జరిగారు. "రండమ్మా, మీరు చూడండి. నాకు చూపు ఆనదు. గొట్టం మూతి చుట్టూ చెక్కినవి పువ్వులాండీ, ఆకులాండీ?" అన్నారు, తెలుగులోనే.

"అమ్మమ్మా, సే సారీ లా!" అంటూ మనవరాలు ఇక్కడి ఇంగ్లీషు యాసలో గొణిగి గిల్లింది.

ఆ ఒక్క మాటా నోరు దాటలేదు. "పువ్వులే," అన్నాను. పాపం, ఎంత సంబరపడ్డారో! సిగ్గుతో నేను తలెత్తి చూస్తే కదా, అవి పువ్వులో ఆకులో తెలిసేది.