పాలిష్ కాని పన్ను

పెద్ద డాక్టర్ సారుకు నమస్కారాలు.

నిన్న మీ దంతాల కాలేజీలో పరీక్ష నడుస్తుంటే కుర్చీ దిగి ఉరికిన ముసలామెను నేనే. మా మనవరాలు స్వీటీని ఫెయిల్ చెయ్యకండి సారూ. ఏడాదంతా పోతదట. తప్పు నాది.

ఎవరి పేషెంటును వాళ్లే తెచ్చుకోవాలంటే నేనే వస్తనన్న. నా ముందు పన్నుకు పిల్ల ఫిల్లింగు మంచిగ పెట్టింది. నునుపు చేసే చిన్న చక్రం గిర్రున తిరిగేసరికి పన్నంతా అరిగిపోతదని భయపడ్డ. "నానమ్మా, పాలిష్ ఒక్కటే ఉంది, రెండు నిమిషాలు కూసో" అని బతిమాలింది. నేను వినలే. మీరు చూడవచ్చేసరికి కుర్చీ ఖాళీ.

అప్పటినుంచి పిల్ల అన్నం ముట్టలేదు. నా నాలుక ఊకె ఆ గరుకు మీదికే పోతుంది.

ఆ పంటితో ఏమీ కొరకలేదు సారూ. మరక పడుతుందని చాయ్ కూడా తాగలే. పిల్ల చేసిన పని ఎట్లున్నది అట్లే ఉన్నది. రేపు పొద్దున్నే కార్వాన్ నుంచి వచ్చి మీ గేటు కాడ కూసుంట. స్వీటీని ఒక్కసారి పిలవండి.

భయమైతే ఇంకా ఉన్నది. అయినా నోరు తెరిచే ఉంచుత.

ఇట్లు,
స్వీటీ నానమ్మ