మన పాత కారుకి కొత్త గ్యాస్కెట్

సత్యం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన పాత కారుకి ఇంజన్ పైమూత దగ్గర మళ్ళీ ఆయిల్ కారింది. మెకానిక్ మూత సందులోని పాత గ్యాస్కెట్ పట్టీ మీదే సీలెంట్ జిగురు దట్టంగా పులమబోతే నేను ఒప్పుకోలేదు. "ఎక్కువైతే లోపలికి జారి ఆయిల్ దారి మూసేస్తుంది. పాతదంతా గీకేసి కొత్త కార్క్ గ్యాస్కెట్ వెయ్యి" అని దగ్గరుండి వేయించాను.

అది అయ్యేసరికి నీ తమ్ముడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, "ముందు మీరు ఎక్కకూడదు వదినా, ముత్తైదువ ఎవరైనా ఎక్కాలండి" అన్నాడు.

"ఇంజన్‌కి కావాల్సింది గ్యాస్కెట్ శ్రీనూ, పసుపుకుంకాలు కాదు!"

తాళం నేనే తిప్పాను. మొగల్తూరు దాకా వెళ్ళి నరసాపురం తిరిగొచ్చి, కారు కింద పేపర్ పరిచాను. గంట తర్వాత చూస్తే ఒక్క చుక్క లేదు. ఆ పేపర్ తీసి నీ తమ్ముడి చేతిలోనే పెట్టాను, అపశకునం ఎక్కడుందో వెతుక్కోమని.