తెరుచుకోని బతుకమ్మ పాట

తప్పు నీదే, సత్తెన్నా. మీ అమ్మ బతుకమ్మ పాటను నువ్వు కొన్న రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్లో ఎక్కించావు గానీ, మామూలు ఆడియోగా ఎన్నడూ తీయలేదు. ఏటా ఆమె ఒక చరణం కలిపేది. ఆడియోగా తీసిపెట్టమని నేనంటే, "పాట ఇంక అయిపోలే తమ్మీ, గప్పుడే మూత పెట్టమంటవా?" అని నన్ను ఎగతాళి చేసేవాడివి.

మీరిద్దరూ పోయాక ఆ కంప్యూటరూ కాలిపోయింది. హార్డ్ డిస్క్ మిగిలింది. నిన్న వదినా నేనూ జడ్చర్లలో కొత్త కంప్యూటర్ కొని, దానికి తగిలించాం. పాట పేరు కనిపించింది. నొక్కితే, ఈ యంత్రంలో ఆ సాఫ్ట్‌వేర్ నడవదని వచ్చింది. నమ్మలేక మళ్లీ నొక్కాను.

"కంప్యూటరు, సాఫ్ట్‌వేరు రెండు చేసేది గా కంపెనోళ్లే, పాతదాన్ని ఇడిసిపెట్టిన్రు సార్," అన్నాడు దుకాణదారు.

"అత్తమ్మ గొంతు అండ్లనే ఉన్నదంటరు, ఇనబడదంటరు. గిదేం లెక్క?" అంది వదిన.

మీ అమ్మ గొంతు ఇంకెక్కడా లేదన్నా. కోపంలో నిన్ను అన్నాను గానీ, యంత్రాన్ని మార్చి అమ్ముకున్నవాళ్లు పాటకు తాళమేసి పోవడమేంటి? ఆ కంపెనీకి ఇవి రాస్తున్నాను:

పాత పాటను కొత్త యంత్రం తెరవాలి.

తెరవలేకపోతే, లోపలి గొంతును బయటికి తీసే దారి చూపాలి.

అమ్మడం మానేసిన సాఫ్ట్‌వేర్‌ను అందరికీ వదిలేయాలి.

కొన్న మనిషి చనిపోతే, దాన్ని వాడుకునే హక్కు అతని భార్యకు ఉండాలి.